నీళ్లు అయిపోయిన సీను

తొండవాడ కింద స్వర్ణముఖి ఇసకలో
లోకం అంతమై పదకొండు రోజులు.

డైరెక్టరు ఢిల్లీబాబు
పాకాలలో వాళ్ల నాయన మామిడితోట కుదవబెట్టి
రెండువేల నూట నలభయ్యో సంవత్సరాన్ని
బాడుగకు తెచ్చినాడు.
నాది వెల్డింగు పని.
రేణిగుంట షెడ్డులో చచ్చిన స్కూటర్లు మూడు కలిపి
ఒక యుద్ధబండి అతికించినాను.
ముందుపక్క ఎద్దుకొమ్ములు, వెనకపక్క కూలరు ఫ్యాను.
ఇంజను లేదు.
షాటుకు నలుగురం వంగి వెనకనించి తోస్తాం,
చప్పుడు తర్వాత వేస్తారంట.

వచ్చే శతాబ్దం మనుషుల ఒంటిమీద
నగరి మగ్గాలకాడ తూకానికి కొన్న పీలికలు,
భుజాలకు కోసిన సైకిలు టైర్లు.
నెత్తురంటే మదనపల్లి టమోటా.
కిలో రెండు రూపాయలకు పడిన పొద్దు చూసి
నాలుగు బాక్సులు ఎత్తుకొచ్చినాం.
అమ్మినాయన దుడ్లు లెక్కబెట్టుకోలేదు,
"సావడానికైనా పనికొచ్చింది పో" అన్నాడు.

ఫైటు మూడోరోజు
ఖాజామొయిద్దీన్, రాక్షసదళం నాయకుడు,
బండమీదినించి దూకి చెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు.
పొద్దున పుత్తూరికి పోయినోడు
సందకాడికి తిరిగొచ్చి నిలబడినాడు
వెదురుదబ్బలతో, గుడ్డుసొనతో, ఆకుపసరు వాసనతో.
ఢిల్లీబాబు తల గోక్కున్నాడు.
రాత్రికి రాత్రే కథ తిరిగింది:
ఆసుపత్రులన్నీ కూలిపోయినాక కూడా
భూమ్మీద పుత్తూరు కట్టు మిగిలింది.
సినిమా మొత్తంలో ఆ ఒక్క డైలాగుకే
మేమంతా చప్పట్లు కొట్టినాం.

రాత్రి షాట్లతోనే తలనొప్పి.
కెమెరా ఎటు తిప్పినా
ఘాట్‌రోడ్డు దీపాలు ఫ్రేములోకి వస్తాయి.
కరెంటు పుట్టిన దేశమే మునిగిపోయిన కాలంలో
కొండ మాత్రం ఆరదు.
గ్రాఫిక్సులో తుడిపించాలంటే షాటుకు నాలుగువేలు.
"ఉండనీ," అన్నాడు, "అడిగినోడికి అప్పుడు చెబుదాం."

పన్నెండోరోజు క్లైమాక్సు.
ఆఖరి సీసా నీళ్లకోసం
ఇరవైరెండు మంది కొట్టుకోవాల.
వెనక దాహంతో కూలిపోయే జనంలో చెంగమ్మ.
రోజుకు మూడొందలు, ఒకపూట సాంబారన్నం.
ఆమెకు చెప్పిన నటన ఒకటే:
"అవ్వా, నీళ్లు లేవు. ఇంక ఎప్పటికీ రావు. అట్లా చూడు."

యాక్షనన్నారు.
బండి తోసినాం. టైర్ల భుజాలు గుద్దుకున్నాయి.
టమోటా పగిలింది.
చెంగమ్మ చెప్పినట్టే కూలింది.
కూలినచోట ఇసక చల్లగా తగిలిందేమో,
అరచేత్తో ఒక పొర తీసింది.
ఇంకో పొర.
మోచెయ్యి మునిగిందాకా తీసింది.
పక్కన చచ్చిపడుండిన ఇద్దరు
లేచి కూర్చుని తోడడానికి సాయం పట్టినారు.
ముందు తడి,
తర్వాత బురద,
తర్వాత దోసెడు నీళ్లు, మెల్లిగా,
ఎవురో పిలిస్తే వచ్చినట్టు.

"కట్! కట్!"
ఢిల్లీబాబు మైకు పారేసి పరిగెత్తుకొచ్చినాడు.
"నీళ్లు లేవని గదవ్వా కథ!"

చెంగమ్మ తలెత్తలేదు.
"కతలో లేవు నాయనా.
ఏట్లో ఉండాయి."

హీరో టైర్లు విప్పి దోసిలి పట్టినాడు.
ఖాజా ఎడమచేత్తో తాగినాడు.
మేకపు మసి కారిపోయి
ఒక్కొక్కరికే వాళ్ల వాళ్ల మొఖాలు బయటపడినాయి.
ఆఖరి సీసా ఇసకలో దొర్లతా ఉంటే
ఎవురూ చూడలేదు.

రెండో టేకుకు ఆ చెలమ పూడ్చాల.
పార నా చేతికిచ్చినారు.
ఎండ దిగిపోతా ఉంది,
కెమెరా బాడుగ గంటగంటకూ ఎక్కతా ఉంది,
ఢిల్లీబాబు అవతలికి తిరిగి
వాళ్ల నాయనతో ఫోన్లో మాట్లాడతా ఉండాడు.

నేను పార పట్టుకొని
నీళ్లు తేటపడిందాకా
నిలబడినాను.